మూడు నిమిషాలకో చుట్టు

గజరాయపేట పురపాలక సంఘం కమిషనర్ గారు రాజధానిలో మూడు రోజుల శిక్షణకు వెళ్ళి, ఒక నీలం సంచీ, ఒక పెన్ను, ఒక తేడా పట్టుకుని తిరిగి వచ్చారు. సంచీ ఆయన భార్య కూరలకు తీసుకుంది. పెన్ను కూతురు తీసుకుంది. తేడాను మాత్రం ఆయన ఊరికిచ్చారు.

బండి ఆగడం వేరు, బండిని నిలపడం వేరు. అదీ ఆ తేడా.

అంతకుముందు అరవై ఏళ్ళుగా గజరాయపేట వాళ్ళు తాము ఆగుతున్నారో నిలుపుతున్నారో తెలియకుండానే కచేరీ వీధిలో బళ్ళు దిగి, పప్పూ ఉప్పూ కొనుక్కుని, మళ్ళీ ఎక్కి ఇళ్ళకు పోతూ వచ్చారు. కమిషనర్ గారు వచ్చిన వారానికల్లా వీధికి రెండు కొసలా రెండు పచ్చ బోర్డులు లేచాయి. "ఆగవచ్చును. నిలుపరాదు" అని పెద్ద అక్షరాలు. వాటి కింద చీమ తలకాయలంత అక్షరాల్లో ఇంకో నాలుగు వరుసలు.

ఆ నాలుగు వరుసలు చివరిదాకా చదివిన మనిషి ఊళ్ళో ఇందుమతి ఒక్కతే. బి.ఏ. చదివి, ట్రెజరీలో పనిచేసే ప్రకాశరావుకు భార్యయి, ఇరవై నాలుగేళ్ళుగా కచేరీ వీధి మొదటింట్లో కాపురం చేస్తున్న ఆమెకు, అచ్చులో ఏది కనిపించినా ఆసాంతం చదవడం అలవాటు. మందుబిళ్ళల అట్ట వెనక చదువుతుంది. శుభలేఖలు వస్తే ముందు వారానికీ తిథికీ పొంతన చూస్తుంది. అలా చూసి ఫోన్ చేసినందుకు ఒకళ్ళింట్లో ముహూర్తమే మారింది. ఆవేళ కూరలకని బయల్దేరి, బోర్డు ముందు సంచీ పట్టుకుని నిలబడి చదివింది.

"ఆగుట యనగా, ముందుకు సాగు సంకల్పముతో, చోదకుడు తన స్థానమును విడువక, మూడు నిమిషములకు మించకుండ వాహన గమనమును విరమించుట. తక్కినదంతయు నిలుపుటయే. నిలిపిన వాహనములు బందెలదొడ్డికి తరలింపబడును. ఉదయము ఎనిమిది మొదలు సాయంత్రము అయిదు వరకు."

భోజనాల దగ్గర ఆ సంగతి చెబితే ప్రకాశరావు మజ్జిగ పోసుకుంటూ నవ్వాడు. "మనకు బండే లేదు కదే ఇందూ. మనకెందుకు ఆ గొడవ?"

"మనకు లేదు. మీ చొక్కాలకుంది" అంది ఇందుమతి.

ఆమె అన్నది పైడితల్లి బండి గురించి. ఇందుమతి ప్రహరీ గోడ పక్కన, బాదం చెట్టు నీడన, పైడితల్లి ఇస్త్రీ బండి ఉంటుంది. ఒక చెక్క బల్ల, దాని కింద నాలుగు పాత సైకిలు చక్రాలు, మీద దుప్పటి మడత, బొగ్గుల పెట్టె. పద్దెనిమిదేళ్ళ కిందట మొగుడు పోయిన ఏడు, పైడితల్లి ఆ బండిని తోసుకొచ్చి అక్కడ పెట్టింది. తరువాత అది కదల్లేదు. చక్రాలు జానెడు లోతుకు నేలలో దిగిపోయాయి. ముందు చక్రం ఊచల మధ్యనుంచి చిక్కుడు పాదు పాకి బల్ల మీదికెక్కింది. ప్రతి కార్తీకంలో ఇందుమతింటికి ఆ చక్రం చిక్కుళ్ళే వచ్చేవి. పైడితల్లికి ఇల్లు అద్దెది, మిగిలిందంతా ఆ బండే.

* * *

తేడాను అమలు చేసే పని నీలాచలం గారికి అప్పగించారు. ఆయన్ని నిలుపుదల నియంత్రణాధికారి అన్నారు. అంతకుముందు పదహారేళ్ళు ఆయన దోమల విభాగంలో పనిచేశాడు. కుండీలు, తొట్లు, పగిలిన టైర్లు, ఎక్కడ గుక్కెడు నీళ్ళు నిలిచినా వాసన పట్టేవాడు. నీరు పారితే పుణ్యం, నిలిస్తే దోమ. ఈ ఒక్క సూత్రంతో పదహారేళ్ళు నెట్టుకొచ్చిన మనిషి. కొత్త పనిలో చేరినప్పుడు ఆయన కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేకపోయింది. నీళ్ళకు బదులు బళ్ళు.

మెడలో ఈలతో, చేతిలో ఆటలపోటీల గడియారంతో, ఆయన మొదటిరోజు ఉదయం ఎనిమిదిన్నరకు వీధి మొదట్లోనే పైడితల్లి బండిని చూసి ఆగిపోయాడు. పదహారేళ్ళలో అంత నిలవ ఆయనెక్కడా చూడలేదు.

ఈల వేశాడు. పైడితల్లి పట్టించుకోలేదు. మళ్ళీ వేశాడు.

"ఏటి బాబూ, పిట్టల్ని తోల్తన్నారేటి?"

"ఏమ్మా, ఈ వాహనం నీదేనా?"

"వాగనమేటి బాబూ? ఇది నా ఇస్త్రీ బల్ల."

"చక్రములు కలవా, లేవా?"

"ఉన్నాయి గాని తిరగవు బాబూ. తిరిగి పద్దెనిమిదేళ్ళయినాది. అంగుళం కదిలితే ఒట్టు. అల్లదిగో సూడండి, సిక్కుడు పాదు కూడా పాకీసినాది."

నీలాచలం గారు వంగి పాదును పరీక్షించాడు. ఒక కాయను తాకి చూశాడు. తరువాత నిటారుగా లేచి, "అమ్మా, చక్రము కలది వాహనము. వాహనము ఆగవచ్చును, నిలువరాదు. నిలిచినచోటనే లార్వా... అదే, రద్దీ పుడుతుంది" అన్నాడు. పుస్తకం తీసి నోటీసు రాసి ఇచ్చి, ముందుకు సాగాడు.

పైడితల్లికి చదువు రాదు. కాగితం పట్టుకుని తిన్నగా ఇందుమతి వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఇందుమతి చేతులు తుడుచుకుని పైకి చదివింది.

"మీరు మీ నాలుగు చక్రముల వాహనమును కచేరీ వీధి మొదటి ఇంటి గోడ ప్రక్కన గత పద్దెనిమిది సంవత్సరములుగా అంగుళమైనను కదల్పక ఒకేచోట నిలిపియుంచినట్లు మీ వాంగ్మూలము వలనను, చిక్కుడు పాదు వలనను నిస్సందేహముగా రుజువైనది. ఏడు దినములలోగా నిలుపుట మాని, ఆగుటకు మారవలెను. లేనిచో సదరు వాహనము బందెలదొడ్డికి తరలింపబడును."

"బందెలదొడ్డికా!" పైడితల్లి గుమ్మానికి ఆనుకుంది. "నా బండేటి ఆవా, గేదా అమ్మగారూ? అక్కడికెల్లినవి మరి రావండి. మా మరిది రిక్సా ఎల్లినాది. దాని సైను ముక్కొక్కటే తిరిగొచ్చినాది."

"పోదులే. ఈ కాగితం నా దగ్గర ఉండనీ" అని ఇందుమతి దాన్ని నాలుగు మడతలు పెట్టి పోపుల డబ్బా కింద పెట్టింది. అచ్చు కాగితం ఏదీ పారేయడం ఆమెకు చేతకాదు.

* * *

మర్నాడు నీలాచలం గారి గదికి వెళ్ళింది. గోడల మీద ఇంకా దోమ పటాలే ఉన్నాయి. గుడ్డు, పిల్ల, పెద్ద దోమ, వాటి మధ్య బాణాలు.

"కూర్చోండమ్మా. వాహన సంబంధమా, వ్యక్తిగతమా?"

"ఒక సందేహమండీ. మూడు నిమిషాలవగానే బండి కదలాలన్నారు. కదిలి మళ్ళీ ఆగవచ్చు కదా?"

"నిరభ్యంతరంగా ఆగవచ్చు."

"ఎంత దూరం కదిలితే మళ్ళీ కొత్తగా ఆగినట్టు?"

నీలాచలం గారు నిబంధన తీసి చదివాడు. వెనక్కి తిప్పాడు. వెనక ఖాళీ. ఆయన ముఖంలో, తొట్టి అడుగున ఏదో కదిలినట్టు చూసే పాతకాలపు శ్రద్ధ కనిపించింది.

"సదరు అంశమున నిబంధన మౌనముగా నున్నది" అని ఒప్పుకున్నాడు.

లేచి కమిషనర్ గారి గదిలోకి వెళ్ళాడు. సగం తలుపుల కింద నాలుగు కాళ్ళు చాలాసేపు అటూ ఇటూ తిరిగాయి. తిరిగొచ్చి, నిలబడే ప్రకటించాడు. "చక్రము ఒక పూర్తి చుట్టు తిరిగినచో వాహనము పునర్గమనము చేసినట్లు. పిమ్మట ఆగినచో అది నూతన ఆగుదల. ఇది కమిషనర్ గారి నిర్ణయం. ఇంతటి మౌలికమైన ప్రశ్న రాజధానిలో సైతం ఎవ్వరూ అడగలేదని వారు ఆశ్చర్యపోయారు."

ఇందుమతి దణ్ణం పెట్టి బయటికొచ్చింది. మనసులో కొంచెం పొంగింది కూడా. ఒక్క చుట్టే కదా. అంతమాత్రం బండి ఎవరు నెట్టలేరు?

ఆ సాయంత్రం ఇద్దరూ కూర్చుని చిక్కుడు పాదును తీగ తీగగా చక్రం ఊచల్లోంచి విప్పి, తెంచకుండా గోడ మీదికి పాకించారు. ఇద్దరు ఆటోవాళ్ళు పట్టి పైకెత్తితే చక్రాలు నేలలోంచి ఊడొచ్చాయి. వాటి చోట నాలుగు గుంటలు మిగిలాయి. ఆముదం పోస్తే చక్రాలు ఏడ్చుకుంటూ తిరిగాయి. ఇందుమతి కొలతల టేపు తెచ్చి చూసింది. ఒక చుట్టుకు ఏడడుగులు.

ఆమె కాగితం మీద లెక్క వేసింది. గంటకు ఇరవై చుట్లు. ఎనిమిదింటికి గుంటల్లోంచి బయల్దేరితే పది గంటలకు పోస్టాఫీసు, పన్నెండింటికి హోమియో డాక్టరు, మూడింటికి వీధి ఆ కొసన మునిసిపాలిటీ గేటు.

"ఎదురు రాకూడదట, ఒకవైపు దారి" అంది ఇందుమతి. "అయిదు దాటాక తోసుకుని వెనక్కొచ్చెయ్. అప్పుడు రూలు లేదు."

ఇంకో చిక్కు ఉంది. చోదకుడు స్థానం విడవకూడదు. నీలాచలం గారు స్వయంగా ఒక ముక్కాలి పీట చూపించి, అదే చోదక స్థానమని, పైడితల్లి దానిమీద కూర్చోవాలని అన్నాడు.

"కూకుంటే బల్ల నా గెడ్డానికొస్తాది బాబూ. ఇస్త్రీ ఎలగవుతాది? మూతితో సెయ్యాలేటి?"

ఆయన ఆలోచించాడు. చివరికి ఒక పాదం పీట మీద ఉంచినా స్థానం విడవనట్టేనని ఉదారంగా అంగీకరించాడు. అలా పైడితల్లి ఒంటికాలు పీట మీద పెట్టి, రెండో కాలి మీద నిలబడి, ప్రకాశరావు చొక్కా ఒక చెయ్యి చేసి, ఈల వినగానే పీట బల్ల మీద పడేసి, ఏడడుగులు నెట్టి, మళ్ళీ పీట దించి, చొక్కా రెండో చెయ్యి మొదలుపెట్టేది.

* * *

వారం తిరిగేసరికి ఎవరూ అనుకోనిది జరిగింది. పైడితల్లి వ్యాపారం పెరిగింది. అంతకుముందు వీధి మొదటి పది ఇళ్ళే ఆమెకు బట్టలిచ్చేవి. ఇప్పుడు బండే గుమ్మం ముందుకు వస్తోంది. ఇందుమతి రాసిన వేళల కాగితం ఎవరో నకలు తీసి దుకాణాల్లో అంటించారు. "మీ పంచె ఏదండీ?" "పదకొండున్నరకి మందుల షాపు దాటాలి, ఇంకా రాలేదు" అని జనం రైలు గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకున్నారు.

పైడితల్లిని చూసి ఇడ్లీ బండి కదిలింది. ఇడ్లీ బండిని చూసి పళ్ళ బండి. తరువాత ఆటోలు. తరువాత, బజారు పని మీద వచ్చి ఎక్కడా పెట్టే చోటు లేని కార్లు. డ్రైవరును కూర్చోబెట్టి, ఈలకో చుట్టు చొప్పున ముందుకు పోతూ ఉంటే, యజమాని బట్టల కొట్లో చీరలు చూసి బయటికి వచ్చేసరికి కారు నాలుగు దుకాణాలు దాటి ఉండేది. నీలాచలం గారు వీధి మధ్యలో నిలబడి మూడు నిమిషాలకోసారి ఈల వేసేవాడు. వీధి వీధంతా ఒక్కసారిగా ముందుకు జరిగి ఆగేది. చూడ్డానికి రథోత్సవంలా ఉండేది. దేవుడొక్కడే తక్కువ. ఈలకూ ఈలకూ మధ్య అత్యవసరంగా వెళ్ళవలసిన వాళ్ళు బండి దిగి నడిచి పోయేవారు. నిలిచిన బండి ఒక్కటీ లేదు కనక కచేరీ వీధిలో రద్దీ పూర్తిగా నిర్మూలింపబడిందని ఆయన నివేదిక రాశాడు.

సంకల్పం గురించిన తనిఖీ వేరే ఉండేది. ఆగిన ప్రతివాడినీ ఆయన "సంకల్పము చెప్పండి" అని అడిగేవాడు. అందరూ "ముందుకే పోతానండి" అనేవారు. ఒకరోజు సోమయాజులు గారు మోపెడ్ మీద వ్రతం చేయించడానికి పోతూ ఆగారు. సంకల్పమన్న మాట చెవిన పడగానే పురోహితుడి చెయ్యి దానంతటదే కుడి మోకాలి మీదికి వెళ్ళింది. కళ్ళు మూసుకున్నారు. మేరువుకు దక్షిణ దిగ్భాగం నుంచి మొదలుపెట్టి, కల్పం, మన్వంతరం, యుగం దాటుకుంటూ కచేరీ వీధికి చేరేసరికే రెండు నిమిషాలు. సంవత్సరం, అయనం, ఋతువు, తిథి, తన గోత్రం, మోపెడ్ నంబరు కూడా చెప్పి, "మమ ముందుకు సాగు సిద్ధ్యర్థం" అని కళ్ళు తెరిచేసరికి నాలుగు నిమిషాల పది సెకన్లు.

"సంకల్పం నిర్దుష్టముగా నున్నది" అన్నాడు నీలాచలం గారు, జరిమానా రాస్తూ. "కాలం మించింది."

"ఆ మాట ముందే అనాలి నాయనా! లఘువుగా చెప్పేది వేరే ఉంది" అన్నారు సోమయాజులు గారు.

వీధి చివర మునిసిపాలిటీ గేటు. ఒకవైపు దారి కావడంతో వెనక్కి తిరగడానికి లేదు. అందుకని మూడింటి నుంచి పైడితల్లి బండి, ఇడ్లీ బండి, వెనక మిగతా ఊరేగింపు గేటులోంచి లోపలికి పోయి, కమిషనర్ గారి గది చుట్టూ ప్రదక్షిణం చేస్తూ ఉండేవి. ఆయన కారు వరండా ముందు ఉంటే మిగతావి ఆగిపోతాయి కనక అది కూడా ఈలకో చుట్టు కదలక తప్పేది కాదు. సాయంత్రం ఆయన బయటికొచ్చి కారు ఎక్కడుందని అడిగితే, "ఇప్పుడే నీళ్ళ ట్యాంకు వైపు తిరిగిందండి, కాసేపట్లో వస్తాది" అనేవాడు బంట్రోతు.

* * *

ఒక సాయంత్రం పైడితల్లి బండిని వెనక్కి తోసుకొచ్చి, గుంటల్లో చక్రాలు దించి, ఇందుమతి మెట్ల మీద కూలబడింది. చీర కుచ్చిళ్ళు పైకి తీసి మోకాళ్ళు చూపించింది. రెండూ బూరెల్లా పొంగి ఉన్నాయి.

"పని పెరిగినాదమ్మగారూ. మోకాళ్ళు అరిగినాయి. రోజుకి నూట ఎనభై మార్లు నెడతన్నాను. నిన్న అన్నం తింటా రెండు ముద్దలకోపాలి లేచి నెట్టినాను. ఇంకో నెల ఇలగైతే బండి బందెలదొడ్డికెల్లదు గాని, నానెల్తాను."

ఇందుమతి కాపడానికి వేడినీళ్ళు పెట్టింది. ఎంత దూరం కదలాలని అడిగింది తనే. అడగకపోతే నిబంధన మౌనంగానే ఉండిపోయేది. గుడ్డ పిండి పైడితల్లి మోకాలి మీద వేస్తూ ఆమె ఆ సంగతి పైకి అనలేకపోయింది. పైడితల్లే అంది, "మీరేటి సేస్తారమ్మా, బండి దక్కింది, అదే సాలు." ఆ మాట ఆమెకు ఇంకా కష్టమనిపించింది.

ఆ రాత్రి ప్రకాశరావు చొక్కా మడత విప్పుతూ, "కుడి చెయ్యి గీత అద్దంలా ఉంది, ఎడమ చెయ్యి వంకర పోయింది" అన్నాడు.

"మధ్యలో ఈల పడింది" అంది ఇందుమతి.

* * *

ఒక్క చుట్టు అన్న నిర్ణయం చివరికి చక్రాల దగ్గరే తగువు తెచ్చింది. ఆటో చక్రం చిన్నది, ఒక చుట్టుకు నాలుగున్నర అడుగులు. లారీ చక్రం పెద్దది, పదడుగులు. లారీ ముందు ఆటో ఉంటే, ఈల పడినప్పుడల్లా లారీ తనకు రావలసిన పదడుగులూ అడిగేది. మూడు ఆటోలకు వెనక రేకులు లోపలికి పోయాయి. ఇదే సమయంలో రాజధాని నుంచి ఉత్తరం వచ్చింది. నిలవ రహిత పట్టణ పురస్కారానికి గజరాయపేట పేరు పరిశీలనలో ఉందని, సోమవారం తనిఖీ బృందం వస్తుందని.

కమిషనర్ గారు వెంటనే అన్ని చక్రాలకూ సమానంగా ఏడడుగులు ఖరారు చేసి, వీధి పొడవునా ఏడడుగులకొక తెల్ల గీత గీయమన్నారు. సున్నం కలిపారు. తాడు తెచ్చారు. అప్పుడు తేలింది, మొదటి గీత ఎక్కడ గీయాలో ఎవరికీ తెలియదని.

శుక్రవారం మధ్యాహ్నం కమిషనర్ గారూ, నీలాచలం గారూ సున్నం డబ్బాతో వీధిలో నడుస్తూ ఉంటే, ఇందుమతి పైడితల్లికి మజ్జిగ చెంబు తీసుకుని వాళ్ళ వెనకే నడిచింది. బండి అప్పుడు హోమియో డాక్టరు ముందుంది. దాని మీద ఉన్నది కమిషనర్ గారి సఫారీ సూటు. సోమవారం వేసుకోవలసినది.

"కొలతకు ఆధారంగా ఒక అచంచల బిందువు కావలయును" అంటున్నారు కమిషనర్ గారు. "మన కార్యాలయం గేటు?"

"దానికి కింద చక్రాలు కలవు సార్. తోసుడు గేటు. నిబంధన ప్రకారం అది కూడా వాహనమే. నిన్ననే నోటీసు ఇచ్చాను."

"దీపస్తంభం?"

"రోడ్డు వెడల్పులో రెండుమార్లు జరిగింది సార్."

"కూడలిలో విగ్రహం?"

"ఎన్నికలకోసారి జరుగుతుంది సార్."

"మైలురాయి?"

నీలాచలం గారు గొంతు సవరించుకున్నాడు. "దానిమీద ఎవరో బట్టలు ఉతుకుతున్నారు సార్. రాయి మాత్రం చాకిరేవు దగ్గర ఉంది."

కమిషనర్ గారు నుదురు తుడుచుకుని, బండి వైపు తిరిగి, "ఏమ్మా, నా సూటు అయిందా?" అన్నారు.

"ఒక సెయ్యి అయినాది బాబూ. రెండో సెయ్యి..."

ఈల పడింది. నీలాచలం గారే వేశాడు. ఎదుట ఎవరున్నారన్నది ఆయన గడియారం చూడదు. పైడితల్లి సూటు మీద నుంచి ఇస్త్రీపెట్టె ఎత్తి, పీట బల్ల మీద వేసి, మూలుగుతూ ఏడడుగులు నెట్టింది. కమిషనర్ గారు సూటు వెనక ఏడడుగులు నడిచారు.

"కాసేపు ఆగమ్మా! మెడపట్టీ మడత పడుతోంది!"

"ఆగినాను బాబూ. మూడు నిముసాలే. ఎక్కువైతే నిలిపినట్టంట, ఈ బాబే సెప్పినారు. మీ కోటు కోసరం నా బండిని బందెలదొడ్డికి ఒగ్గీమంటారేటి?"

ఇందుమతి మజ్జిగ చెంబు కింద పెట్టింది. "ఏమండీ కమిషనర్ గారూ" అంది మెల్లగా. "ఈ వీధిలో ఒక్క అంగుళం కూడా కదలనిది ఒకటుందండీ. ఉందని మీ ఆఫీసే రుజువు చేసింది."

చెంగు ముడిలోంచి నాలుగు మడతల నోటీసు తీసి ఇచ్చింది. కొద్దిగా ఇంగువ వాసన వేస్తోంది. కమిషనర్ గారు పైకి చదివారు. "గత పద్దెనిమిది సంవత్సరములుగా... అంగుళమైనను కదల్పక... ఒకేచోట... నిస్సందేహముగా రుజువైనది." ఆగి, మళ్ళీ చదివారు. "నీలాచలం గారూ, ఇది మీ దస్తూరీయేనా?"

"నాదే సార్."

"నిస్సందేహముగానా?"

"వాంగ్మూలము వలనను, చిక్కుడు పాదు వలనను సార్."

"ఇప్పుడు కదులుతోంది కదా?"

"రోజూ పొద్దున్న ఎనిమిదింటికి ఆ గుంటల్లోంచే బయల్దేరుతుందండీ" అంది ఇందుమతి. "గుంటలు కదల్లేదు. కానీ గుంట మాత్రం పెట్టి కొలిస్తే ఎవరో ఒకరు పూడ్చేస్తారు. నీళ్ళు కూడా నిలుస్తాయి."

నీళ్ళు నిలుస్తాయన్న మాటకు నీలాచలం గారు ఉలిక్కిపడ్డాడు. "బండి గుంటల్లోనే ఉండాలి సార్" అన్నాడు గట్టిగా. "గుంటలు ఖాళీగా ఉండరాదు."

"అక్కడే ఉంటే నీ పని అవుతుందా అమ్మా?" అన్నారు కమిషనర్ గారు, తన సూటు వైపు చూస్తూ.

"పావుగంటలో మీ కోటు పాపడ తీసినట్టుంటాది బాబూ."

ఉత్తర్వు సూటు మీదే, ఇస్త్రీ కాని చేతి పక్కన పెట్టి రాశారు. ఊరిలో సకల గమనములకు ఆధారభూతమైన ప్రమాణ స్థానముగా సదరు బండిని గుర్తించడమైనది. దీనిని ఏ కారణము చేతను, ఎవ్వరును, అంగుళమైనను కదల్పరాదు.

ఇందుమతి కాగితం తీసుకుని, వెనక వైపు కూడా చూసి, "తేదీ వెయ్యలేదండీ" అంది.

* * *

సోమవారం తనిఖీ బృందం వచ్చింది. కారు కచేరీ వీధిలో ప్రవేశించి, ఈలకో ఏడడుగులు చొప్పున సాగి, మునిసిపాలిటీ గేటులోకి వెళ్ళి, కమిషనర్ గారి గది చుట్టూ తిరిగి, బయటికి వచ్చింది. దిగితే మళ్ళీ కారు ఎక్కడ దొరుకుతుందో తెలియక బృందంలో ఎవరూ దిగలేదు. అద్దంలోంచి, వరండాలో కత్తిలాంటి సూటుతో నమస్కరిస్తున్న కమిషనర్ గారిని మాత్రం రెండుసార్లు చూశారు. పురస్కారం పోస్టులో వచ్చింది.

గుంటల్లో దిగిన బండి దగ్గర పైడితల్లి నిశ్చింతగా నిలబడి పని చేసుకుంటోంది. ముక్కాలి పీట మీద ఇప్పుడు కూర్చుంటుంది, పని లేనప్పుడు. పాదు మళ్ళీ గోడ దిగి, ముందు చక్రం కోసం ఒక తీగ చాపింది. వీధి చివరి ఇళ్ళవాళ్ళు బట్టలు వాళ్ళే తెచ్చి ఇస్తున్నారు. అలవాటు పడ్డారు కదా, మానలేకపోయారు.

ఆ గురువారం మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన దిగింది. బాదం ఆకులు ఆపే వాన కాదు. పైడితల్లి బట్టల మూట మీద చెంగు కప్పి, బండిని రెండడుగులు జరిపి ఇందుమతి వరండా చూరు కిందికి నెట్టబోయింది.

ఈల గుండెలదిరేలా పడింది.

"కదపకు!" నీలాచలం గారు గొడుగేసుకుని నీళ్ళలో పరుగెత్తుకొస్తున్నాడు. "ప్రమాణ స్థానం! అంగుళం కదిపావంటే బందెలదొడ్డి!"

"బట్టలు తడిసిపోతన్నాయి బాబూ! నిప్పులారిపోతాయి!"

నీలాచలం గారు ఉత్తర్వు గుర్తు చేసుకున్నాడు. వాన గురించి ఉత్తర్వు మౌనంగా ఉంది. చేసేదేమీ లేక, తన గొడుగు తీసి బండి మీద పట్టాడు. తను వానలో ఉన్నాడు. టోపీ అంచు నుంచి నీళ్ళు ముక్కు మీదికి కారుతున్నాయి. గొడుగు కింద పైడితల్లి, ఏమీ జరగనట్టు, ఎవరిదో లంగా ఇస్త్రీ చేసుకుంటోంది.

ఇందుమతి వరండాలో నిలబడి గోడ గడియారం చూసింది. మూడు నిమిషాలయింది. ఆరయింది. పది దాటింది.

"నీలాచలం గారూ" అని పిలిచింది. "మీకు ముందుకు సాగే సంకల్పం ఉందా అండీ?"

ఆయన తల తిప్పి చూశాడు. ఆ ప్రశ్న ఎగతాళి కాదని ఆయనకు అనిపించి ఉండాలి. నిబంధన పట్ల గౌరవం ఉన్న మనిషి. తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. చీలమండల దాకా నీళ్ళు నిలిచాయి. నెమ్మదిగా కుడికాలు ఎత్తి, ఒక అడుగు ముందుకు వేశాడు. ఆయనతో పాటు గొడుగూ ఒక అడుగు జరిగింది. వాన తిన్నగా ఇస్త్రీపెట్టె మీద పడి, సుయ్యిమని ఆవిరి లేచింది.

"ఓలమ్మో! కదలకు బాబూ!" పైడితల్లి కేక పెట్టింది. "నీకు పున్నెముంటాది, అక్కడే ఉండు!"

నీలాచలం గారు కాలు వెనక్కి తీసుకున్నాడు. గొడుగు సరిగ్గా పట్టుకున్నాడు. ఈల నోట్లోంచి జారి మెడకు వేలాడింది. ఆ తరువాత వాన వెలిసేదాకా, నలభై నిమిషాలు, ఆయన అక్కడే నిలిచి ఉన్నాడు.